ఎమ్మెల్యే మీద కేసు కట్టాలంటే స్పీకర్ అనుమతి కావాలా?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఒక కాలనీ లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగాలో స్థానిక ఎమ్మెల్యే మనుషులు రేకుల షెడ్డు వేశారు. అడగబోయిన సంఘం కార్యదర్శిని ఎమ్మెల్యే స్వయంగా చెంప మీద కొట్టారు. స్టేషన్‌కు వెళ్తే "స్పీకర్ అనుమతి కావాలి, పైవాళ్ళని అడిగి చెప్తాం" అన్నారు. మామూలోడు కొడితే రాత్రికి రాత్రే లోపలేస్తారు కదా, ఈయనకు వేరే చట్టం ఉందా అన్నది ప్రశ్న.

వేరే చట్టం లేదు. చెంపదెబ్బకు ఆటో డ్రైవర్‌కు ఏ సెక్షనో ఎమ్మెల్యేకూ అదే సెక్షన్. తేడా అంతా కాగితం కదిలే దారిలో ఉంది. స్టేషన్ టేబుల్ మీద ఎన్నాళ్ళు ఆగుతుంది, ఏ సెక్షన్ రాస్తారు, ఏ సెక్షన్ వదిలేస్తారు, సమన్లు ఎన్నిసార్లు "మనిషి దొరకలేదు" అని వెనక్కి వస్తాయి, సాక్షి ఎప్పుడు మాట మారుస్తాడు అన్నవాటిలో ఉంది. ఈ మలుపుల్లో దాదాపు ప్రతిదానికీ ఒక పట్టు ఉంది. ఆ పట్టు తెలియకపోవడం వల్లే చాలా కేసులు కోర్టు గడప తొక్కకుండానే చల్లారిపోతాయి.

ముందు స్పీకర్ సంగతి. కేసు కట్టడానికి గానీ, దర్యాప్తుకు గానీ, అరెస్టుకు గానీ స్పీకర్ అనుమతి అక్కర్లేదు. అరెస్టు చేసిన తర్వాత స్పీకర్‌కు వెంటనే సమాచారం ఇవ్వాలి. అది తెలియజేయడం మాత్రమే, అడగడం కాదు. అనుమతి కావాల్సింది అసెంబ్లీ ఆవరణ లోపల అరెస్టు చేయాలన్నా, అక్కడ సమన్లు చేతికివ్వాలన్నా. లంచం కేసులో మరొకటి ఉంది: అవినీతి నిరోధక చట్టం కింద చార్జిషీటు వేసే ముందు సభాధ్యక్షుడి అనుమతి తీసుకోవాలని 1998 నాటి పి.వి.నరసింహారావు తీర్పు చెప్పింది. ఈ రెండు ముక్కలూ కలిసి జనం నోళ్ళలో "ఎమ్మెల్యే మీద కేసంటే స్పీకర్ పర్మిషన్" అయి కూర్చుంది. పార్కు దగ్గర చెంపదెబ్బకు ఈ రెండూ వర్తించవు.

రాజ్యాంగం 194వ అధికరణం ఎమ్మెల్యేకు ఇచ్చే రక్షణ సభలో మాట్లాడే మాటకు, వేసే ఓటుకు. ఆ ఓటుకూ డబ్బు తీసుకుంటే రక్షణ లేదని 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీల బెంచ్ తేల్చింది. 1998 తీర్పులోని ఆ భాగం అలా పోయింది. సభలోనే కుర్చీలు, మైకులు విరగ్గొడితే? కేరళ అసెంబ్లీలో 2015లో జరిగిన రభస మీద 2021లో సుప్రీంకోర్టు చెప్పింది: ఆస్తి ధ్వంసం శాసన విధి కాదు, విచారణ ఎదుర్కోవాల్సిందే. సభలోనే లేని రక్షణ కాలనీ పార్కులో ఎక్కడినుంచి వస్తుంది? క్రిమినల్ కేసుల నుంచి పూర్తి మినహాయింపు, అదీ పదవిలో ఉన్నంత కాలమే, రాష్ట్రపతికీ గవర్నర్‌కూ ఉంది. ముఖ్యమంత్రికీ, ప్రధానికీ కూడా లేదు.

సివిల్ బాకీల విషయంలో ఒక చిన్న సడలింపు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 135ఎ ప్రకారం సమావేశాలు జరుగుతున్నప్పుడూ, వాటికి ముందు 40 రోజులూ, తర్వాత 40 రోజులూ సివిల్ డిక్రీ మీద సభ్యుణ్ణి అరెస్టు చేయకూడదు. జాతీయ రహదారి టోల్ మినహాయింపు కూడా నిజంగా ఉన్నదే, కాకపోతే అది సొంత రాష్ట్రంలో, గుర్తింపు కార్డు చూపించి ప్రయాణిస్తున్న ఎమ్మెల్యేకి. బావమరిది కారు అద్దానికి అంటించిన స్టిక్కర్‌కు కాదు. ఎర్రబుగ్గ 2017 మే 1 నుంచి మంత్రులకూ లేదు.

ఇక "ప్రభుత్వం మంజూరు" అనే మాట. ప్రభుత్వం అనుమతిస్తే తప్ప తొలగించడానికి వీల్లేని పబ్లిక్ సర్వెంట్, విధి నిర్వహణలో భాగంగా చేసిన పనికి మాత్రమే బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసులు నడిపే తీరు చెప్పే కొత్త కోడ్) 218 కింద మంజూరు కావాలి. పాత కోడ్‌లో ఇది 197. ఎమ్మెల్యేను ప్రభుత్వం నియమించదు, తొలగించదు. అసలు శిక్షాస్మృతి అర్థంలో ఎమ్మెల్యే పబ్లిక్ సర్వెంటే కాడని 1984లో అంతులే కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మంత్రి అయినా చెయ్యి చేసుకోవడం మంత్రి విధుల్లోకి రాదు. మంజూరు నిజంగా అవసరమైన కేసుల్లో కూడా కొత్త చట్టం 120 రోజుల గడువు పెట్టింది. ఆలోగా ఏదో ఒకటి తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. అవినీతి కేసుల్లోని 17ఎ ముందస్తు అనుమతి కూడా అధికారిక నిర్ణయాలకూ సిఫార్సులకూ సంబంధించినది. లంచం తీసుకుంటుండగా పట్టుకునే ట్రాప్ కేసుకు అది అడ్డు రాదు. అలాంటిది ఉంటే ఏసీబీ నంబర్ 1064.

అసలు పని ఫిర్యాదు రాయడంలో మొదలవుతుంది, సగం కేసులు చెడేది కూడా అక్కడే. నాయకుడి మీద ఫిర్యాదు అనగానే చెయ్యి ఉపన్యాసం వైపు పోతుంది. "అధికార మదంతో తన గూండాలను వెంటేసుకొచ్చి, ప్రజాస్వామ్యాన్ని ఖూనీ చేస్తూ మమ్మల్ని చితకబాదారు" అని రాస్తే అందులో ఒక్క నేరమూ రుజువయ్యే రూపంలో లేదు. ఇలా రాయండి: "ఫలానా తేదీ ఉదయం 10.40కి పార్కు ఉత్తరం గేటు బయట ఎమ్మెల్యే ఫలానా గారు కుడి అరచేత్తో నా ఎడమ చెంప మీద రెండుసార్లు కొట్టారు. ఆయన వెంట ఆరుగురు ఉన్నారు. వారిలో ఇద్దరు నేను ఇంటికి వెళ్ళే దారికి అడ్డం నిలబడి సుమారు పది నిమిషాలు కదలనివ్వలేదు. 'మళ్ళీ ఇటొస్తే కాళ్ళు విరుస్తా' అని ఎమ్మెల్యే అన్నారు. అక్కడ ఉన్నవారు ఫలానా, ఫలానా." జరిగింది జరిగినట్టే రాయాలి, జరగనిది ఒక్క ముక్క కలిపినా క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ముక్క దగ్గరే మొత్తం కూలుతుంది.

ఆ "దారికి అడ్డం నిలబడి" అన్న వాక్యం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. చెంపదెబ్బ బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షలు చెప్పే కొత్త శిక్షాస్మృతి) 115(2) కింద మామూలు గాయం. శిక్ష ఏడాది వరకు, కానీ అది నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. బెదిరింపు 351(2), దూషణ 352 కూడా కేంద్ర చట్టంలోని పట్టిక ప్రకారం అంతే. ఈ మూడే ఉంటే ఎస్సై "ఎన్‌సీ అండీ, కోర్టుకు వెళ్ళండి" అనడం న్యాయమే. అందులో ఎమ్మెల్యే పలుకుబడి ఏమీ లేదు, రేపు పక్కింటాయన కొట్టినా అదే సమాధానం. కానీ దారి అడ్డగించడం, 126(2), నెల రోజుల శిక్షే అయినా కాగ్నిజబుల్. ఒక్క కాగ్నిజబుల్ నేరం కలిసి ఉంటే మొత్తం కేసు కాగ్నిజబుల్‌గానే చూడాలని బీఎన్‌ఎస్‌ఎస్ 174(4) చెప్తుంది. అయిదుగురు అంతకంటే ఎక్కువమంది ఒకే ఉద్దేశంతో గుమిగూడి బలప్రయోగం చేస్తే 191(2), రెండేళ్ళ వరకు శిక్ష, అదీ కాగ్నిజబులే. వెంట ఎంతమంది ఉన్నారో లెక్క రాయమనేది అందుకే.

గాయం చిన్నదైనా అదే రోజు ఉస్మానియాకో గాంధీకో వెళ్ళి ఎంఎల్‌సీ నమోదు చేయించుకోండి. (ఆసుపత్రిలో ఎంఎల్‌సీ అంటే మెడికో లీగల్ కేసు. ఈ వ్యవహారంలో అసలు ఎమ్మెల్సీలు కూడా తగులుతారు కాబట్టి ముందే చెప్తున్నా.) డాక్టర్ అడిగినప్పుడు ఎవరు కొట్టారో, దేంతో కొట్టారో చెప్పి రాయించాలి. మొహమాటానికో భయానికో "కింద పడ్డాను" అని చెప్తే ఆ ఒక్క లైను చివరిదాకా వెంటాడుతుంది. చెవిలో హోరుంటే అదీ చెప్పండి. చెంపదెబ్బకు చెవి పొర చిరగడం అరుదేమీ కాదు. వినికిడి శాశ్వతంగా పోయినా, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పి ఉన్నా, అన్నాళ్ళు మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయం లెక్కలోకి వస్తుంది. 117(2), ఏడేళ్ళ వరకు.

వీడియో విషయంలో రెండు తప్పులు మామూలు. మొదటిది, తీసిన ఫోన్‌లోంచి వాట్సాప్ గ్రూపులో వేసి, జాగా లేదని ఒరిజినల్ చెరిపేయడం. వాట్సాప్ ఫైలును కుదించి, దాని పుట్టుపూర్వోత్తరాలు తీసేస్తుంది. తీసిన ఫోన్, అందులోని ఫైలు అలాగే ఉండాలి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు సాక్ష్య అధినియమం 63(4) కింద ధ్రువీకరణ పత్రం జత చేయాలి. అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది, రెండింట్లోనూ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి. రెండో తప్పు సీసీ కెమెరా. దుకాణాల డీవీఆర్‌లు చాలావరకు రెండు వారాలకో నెలకో పాతదాని మీదే కొత్తది రాసేస్తాయి. మర్నాడే దుకాణదారుకు ఒక కాగితం, ఎస్‌హెచ్‌ఓకు (స్టేషన్ ఇన్‌చార్జి అధికారి) ఒక కాగితం ఇవ్వండి: ఫలానా కెమెరా, ఫలానా తేదీ, 10 నుంచి 11.30 వరకు ఫుటేజీ భద్రపరచమని. రెండోదానికి రసీదు తీసుకోండి. ఫుటేజీ తర్వాత మాయమైనా, అడిగినట్టు ఆ రసీదు చెప్తుంది.

ఫిర్యాదు రెండు కాపీలు. ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, సమయం. కాగ్నిజబుల్ నేరం కనిపిస్తుంటే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబర్ 12న లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం ఏసీపీ అనుమతితో 14 రోజుల్లో ముగిసే ప్రాథమిక విచారణకు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) వీలిచ్చింది. "పైవాళ్ళని అడగాలి" అన్నమాట ఒక్కోసారి దీన్ని ఉద్దేశించి కావచ్చు. అయితే అది 14 రోజులే, మీ కేసు లాంటి చిన్న సెక్షన్లకు అదీ వర్తించదు. తమ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా కట్టేది) కట్టి సరైన స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి, మరిచిపోతే అది నమోదు కాదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం.

ఎఫ్‌ఐఆర్ కట్టని ఇన్‌స్పెక్టర్ మీద బీఎన్‌ఎస్ 199 కింద కేసు పెట్టిస్తామని వాదనకు దిగకండి. అత్యాచారం, యాసిడ్ దాడి వంటి కొన్ని నేరాల ఫిర్యాదు రాసుకోనప్పుడే అది వర్తిస్తుంది. ఆ మాటతో స్టేషన్‌లో పౌరుషాలు పెరగడం తప్ప వచ్చేదేమీ లేదు. చేయాల్సింది బీఎన్‌ఎస్‌ఎస్ 173(4). అదే ఫిర్యాదును డీసీపీకి స్పీడ్ పోస్టులో పంపి, బుకింగ్ రసీదు, ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని వచ్చిన పేజీ ప్రింటు దాచుకోండి. కొన్నాళ్ళు చూసి కదలిక లేకపోతే దర్యాప్తుకు ఆదేశించమని మేజిస్ట్రేట్ ముందు 175(3) దరఖాస్తు. దీనికి అఫిడవిట్ తప్పనిసరి. స్టేషన్‌లో ఇచ్చిన కాగితం, డీసీపీకి పంపిన కాగితం రెండూ జత చేయాలి. ఈ మెట్టు ఎక్కకుండా సరాసరి మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళడం వల్ల కొట్టేసిన దరఖాస్తులు లెక్కలేనన్ని. హైకోర్టులో రిట్ వేద్దామనే ఉత్సాహం కూడా ఆపుకోండి. ముందు మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళమని సుప్రీంకోర్టు 2007 డిసెంబర్‌లో సకిరి వాసు కేసులో చెప్పింది, హైకోర్టులు చాలాసార్లు అదే చూపించి పంపేస్తాయి. నిందితుడు ఎమ్మెల్యే కాబట్టి నాంపల్లిలో ప్రజాప్రతినిధుల కేసులు చూసే మేజిస్ట్రేట్ కోర్టు ఏదో ఫైలింగ్ దగ్గర ముందే కనుక్కుని వేయండి.

దర్యాప్తు పనికి రాదనుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 223 కింద నేరుగా కోర్టులోనే వేసే ప్రైవేటు కంప్లయింటు ఉంది. కొత్త చట్టంలో ఒక మార్పు వచ్చింది: కాగ్నిజెన్స్ తీసుకునే (కోర్టు నేరాన్ని విచారణకు స్వీకరించే) ముందే నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పలుకుబడి ఉన్నవాళ్ళకు అక్కడ ఒకటి రెండు వాయిదాలు కలిసొస్తాయి. అందుకు సిద్ధపడే వేయాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ ముందుగా చెప్పనిది: కాలపరిమితి. బీఎన్‌ఎస్‌ఎస్ 514 ప్రకారం జరిమానా మాత్రమే ఉన్న నేరానికి ఆరు నెలలు, ఏడాది వరకు శిక్ష ఉన్నదానికి ఏడాది, ఏడాది దాటి మూడేళ్ళ వరకు ఉన్నదానికి మూడేళ్ళు. ఆ గడువు దాటితే కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోకూడదు. ఆలస్యాన్ని మన్నించే వీలున్నా దాని మీద ఆశ పెట్టుకోకూడదు. కలిపి విచారించే నేరాలకు పెద్ద శిక్ష ఉన్న సెక్షనే లెక్క. ఇక్కడ జరిగేది చూడండి. ఎఫ్‌ఐఆర్‌లో 191(2), 351(2) ఉన్నంతసేపు మూడేళ్ళ గడువు. దర్యాప్తు మధ్యలో "ఆధారాలు లేవు" అని ఆ రెండూ తీసేస్తే మిగిలేవి 115(2), 126(2). గడువు ఏడాదికి పడిపోతుంది. పద్నాలుగో నెలలో చార్జిషీటు వేస్తారు, కాలాతీతం అని కొట్టేసే వీలుంటుంది, అప్పుడు బయట మాత్రం "కోర్టు కొట్టేసింది" అన్న మాటే మిగులుతుంది. ఎవరూ ఫోన్ చేయనక్కర్లేదు, ఎవరూ రూపాయి ఇవ్వనక్కర్లేదు, నిదానంగా ఉంటే చాలు. అరెస్టయి జైల్లో ఉన్నవాడికి 60 రోజులు, 90 రోజులు అని చార్జిషీటు గడువుంటుంది, లేకపోతే బెయిల్ వస్తుంది. బయట తిరిగేవాడి కేసుకు అలాంటి తొందరపెట్టే గడియారం లేదు.

విరుగుడు ఇది. ఘటన తేదీ నుంచి పది నెలలు లెక్కేసి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు చార్జిషీటు పడకపోతే ప్రైవేటు కంప్లయింటు దాఖలు చేసేయండి. దాఖలు చేసిన తేదీయే లెక్క, కోర్టు కాగ్నిజెన్స్ తీసుకున్న తేదీ కాదని 2013లో సారా మాథ్యూ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మధ్యలో, 90 రోజులకు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాల్సిన బాధ్యత 193(3) కింద పోలీసులదే. 91వ రోజున ఆ సెక్షన్ పేరు రాసి ఒక కాగితం ఇవ్వండి. ఆర్‌టీఐ కూడా వేయొచ్చు, పది రూపాయలు, 30 రోజులు. దర్యాప్తు సాగుతోందని 8(1)(హెచ్) చూపి తిరస్కరిస్తారు. సమాచారం ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డమో కారణం రాయకుండా ఊరికే సెక్షన్ రాస్తే అప్పీలులో నిలవదు.

"రాత్రికి రాత్రే లోపలేయలేదేం?" అన్నదానికి సమాధానం మీకు రుచించకపోవచ్చు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో కారణం లేకుండా అరెస్టు చేయొద్దని, ముందు నోటీసు ఇవ్వమని 2014లో అర్నేష్ కుమార్ కేసు నుంచి ఉన్నమాట. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు. ఎమ్మెల్యేను అరెస్టు చేయకపోవడం ఆయనకు చేసిన మేలు కాదు. మామూలు మనిషిని చేయడమే తప్పు. పైగా ఈ నియమం నాలుగు రోజుల్లో మీకే అక్కరకొస్తుంది, ఎందుకంటే కౌంటర్ కేసు వస్తుంది. షెడ్డు దగ్గర పనిచేసేవాళ్ళను కులం పేరుతో తిట్టారనో, వచ్చిన మున్సిపల్ సిబ్బందిని అడ్డుకున్నారనో. మీరు ఫిర్యాదు ఇచ్చిన తేదీ, సమయం వాళ్ళదానికంటే ముందుండటం అక్కడ పనికొస్తుంది, స్టేషన్ ముద్ర గురించి అంతగా చెప్పింది అందుకే. కౌంటర్ కేసు వచ్చాక "రెండూ రాజీ చేసుకోండి" అనే కబురు వస్తుంది. 115(2), 126(2) రాజీకి వీలున్న నేరాలే. రాజీ పడటమా మానడమా మీ ఇష్టం, కానీ తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

కోర్టుకు చేరాక పరిస్థితి కొంత నయం. ప్రజాప్రతినిధుల మీద కేసులకు ప్రత్యేక కోర్టులు 2017 డిసెంబర్ ఉత్తర్వులతో వచ్చాయి. మొదట దేశం మొత్తానికి 12, అందులో ఒకటి హైదరాబాద్‌లో. పదవిలో ఉన్నవాళ్ళు, మాజీలు ఇద్దరూ వాటి పరిధిలోకి వస్తారు. కార్పొరేటర్లు రారు, వాళ్ళ కేసు మామూలు కోర్టులోనే. 2023 నవంబర్ 9న సుప్రీంకోర్టు ఈ కేసుల పర్యవేక్షణను హైకోర్టులకు అప్పగించింది. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు ముందు, అయిదేళ్ళు, అంతకు మించి శిక్ష పడేవి తర్వాత, మిగతావి ఆ తర్వాత. అరుదైన కారణాలుంటే తప్ప వాయిదాలు వద్దు. హైకోర్టు వెబ్‌సైట్‌లో ఈ కేసులకు వేరే విభాగం ఉండాలనీ చెప్పింది. మీ కేసు నంబర్ అక్కడ కనిపించకపోతే రిజిస్ట్రీకి రాతపూర్వకంగా రాయడానికి అదే ఆధారం. చెంపదెబ్బ కేసు ప్రాధాన్యంలో మూడో వరసలో ఉంటుందన్న సంగతి మాత్రం ముందే తెలిసి ఉండటం మంచిది.

ప్రభుత్వం మారితే, లేదా ఎమ్మెల్యే పార్టీ మారితే, కేసు ఉపసంహరణ ముచ్చట మొదలవుతుంది. బీఎన్‌ఎస్‌ఎస్ 360 కింద ప్రాసిక్యూటర్ అడగొచ్చు, కానీ బాధితుడి మాట వినకుండా కోర్టు ఒప్పుకోకూడదని కొత్త చట్టం చేర్చింది. ప్రజాప్రతినిధుల కేసైతే హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరణ కుదరదని 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు చెప్పింది. మీ తరఫు వకీలు ప్రాసిక్యూషన్‌కు సాయపడేందుకు ముందుగానే అనుమతి తీసుకుని ఉంటే ఇవన్నీ మీకు తెలియకుండా జరగవు. సాక్షుల విషయంలో, పాలు తెచ్చుకోవడానికి వచ్చి చూసినాయన అయిదేళ్ళ తర్వాత కూడా అదే చెప్తాడని అనుకోవద్దు. మొదటి నెలలోనే మేజిస్ట్రేట్ ముందు 183 వాంగ్మూలం ఇప్పించమని దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా కోరండి. బెదిరింపులొస్తే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టొచ్చు. ఏసీపీ స్థాయి అధికారి అయిదు పనిదినాల్లో ముప్పు నివేదిక ఇవ్వాలి.

శిక్ష పడితే పదవి పోతుందా? సామాన్యుడికీ నాయకుడికీ మధ్య చట్టం పెట్టిన అసలు తేడా ఇదే, అదీ నాయకుడికి ఎదురుగా. ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) ప్రకారం రెండేళ్ళు, అంతకు మించి శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత. విడుదలయ్యాక ఇంకో ఆరేళ్ళు. ఓటర్లకు లంచం, అవినీతి నిరోధక చట్టం వంటి 8(1) నేరాల్లో జరిమానా పడినా చాలు. అప్పీలు వేసుకుని మూడు నెలలు కొనసాగే వెసులుబాటును 2013 జులై 10న లిలీ థామస్ తీర్పు కొట్టేసింది. చెంపదెబ్బకు రెండేళ్ళు పడవు కాబట్టి ఆ ఆశతో మాత్రం కేసు పెట్టకండి. పైకోర్టులో నిలుపుదల రెండు రకాలు. శిక్ష అమలు ఆగితే జైలు తప్పుతుంది, నేరనిర్ధారణే ఆగితే సీటు తిరిగొస్తుంది. నాంపల్లి సీబీఐ కోర్టు ఓబుళాపురం మైనింగ్ కేసులో 2025 మే 6న కర్ణాటక ఎమ్మెల్యే గాలి జనార్దన్ రెడ్డికి ఏడేళ్ళు వేసింది. వెంటనే సభ్యత్వం పోయింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు నిలుపుదల చేసింది, సభ్యత్వం తిరిగొచ్చింది. సీబీఐ కేసు కట్టింది 2009లో.

కేసు పెండింగ్‌లో ఉండగా ఎన్నికలొస్తే అభ్యర్థి ఫారం 26 అఫిడవిట్‌లో దాన్ని చూపించాలి. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో అందరికీ కనిపిస్తుంది, దించుకుని ఎఫ్‌ఐఆర్ నంబర్‌తో సరిచూడండి. దాచితే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల వరకు శిక్ష. ఎన్నికే రద్దు కావాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్, ఒక్క రోజు దాటినా కుదరదు. ఆశలు అదుపులో పెట్టుకోడానికి ఒక ఉదాహరణ: 2018 డిసెంబర్‌లో జరిగిన కొత్తగూడెం ఎన్నికను అఫిడవిట్ లోపాల మీద తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది 2023 జులైలో. ఆపై సుప్రీంకోర్టు స్టే. అప్పటికి పదవీకాలమే అయిపోవచ్చింది.

షెడ్డు సంగతి పూర్తిగా వేరే ఫైలు. దాన్ని చెంపదెబ్బతో కలపకండి. కొట్టించుకున్న కార్యదర్శి ఒక్కరే పోలీసు ఫిర్యాదుదారు. జాగా ఫిర్యాదు సంఘం లెటర్‌హెడ్ మీద, తీర్మానం కాపీతో వెళ్ళాలి. రెండూ ఒకే కాగితంలో రాస్తే "సివిల్ వివాదం" అని రెండూ మూసేయడానికి వీలవుతుంది. జాగాకు కావాల్సినవి మంజూరైన లేఅవుట్ ప్లాను సర్టిఫైడ్ కాపీ, ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, షెడ్డు రాకముందు ఉపగ్రహ చిత్రం, ఇప్పటి ఫొటో. లేఅవుట్ కాపీ సంఘం దగ్గర లేకపోతే హెచ్‌ఎండీఏకో కార్పొరేషన్‌కో ఆర్‌టీఐ. వీటితో కార్పొరేషన్‌కు ఒకటి, రాణిగంజ్ దగ్గర బుద్ధభవన్‌లో ఉన్న హైడ్రాకు (ప్రజల జాగాల్లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) ఒకటి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే అర్జీ నంబర్ ఇస్తారు. ఇళ్ళు కూల్చేముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలన్న 2024 నవంబర్ 13 తీర్పును అడ్డం పెడతారు. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి ప్రజల జాగాలోని అనధికార నిర్మాణానికి ఆ నియమం వర్తించదని అదే తీర్పులో ఉంది. మీది పార్కుగా రాసిచ్చిన జాగా అని చూపించేది గిఫ్ట్ డీడ్ ఒక్కటే. చాలా పాత లేఅవుట్లలో ప్లానులో ఆకుపచ్చ రంగు ఉంటుంది, డీడ్ మాత్రం రిజిస్టర్ కాదు. ముందు అది చూసుకోండి. లేకపోతే షెడ్డు వేసినవాళ్ళు అదే జాగాను నాలుగు ప్లాట్లు చేసి అమ్మిన కాగితాలతో వస్తారు.